ఇంగ్లీషులో అడుగు తీరు

తెలుగులో ఒకరిని ఏదైన అడుగవలసి వచ్చినపుడు మర్యాద కొరకు మనము ఎక్కువ దూరము పోనక్కరలేదు. "ఇవ్వు" అను క్రియ చివర "అండి" చేర్చినంతనే అది "ఇవ్వండి" అగును. ఆజ్ఞలోని పదును పోవును. "నీవు" ఉన్నది, "మీరు" ఉన్నది, అదియు చాలదనుకొన్నవారికి "తమరు" ఉన్నది. అడుగుచున్నది మరీ పెద్దవారినైనచో "ఇవ్వండి" అనుటకు కూడ మనకు నోరాడదు, "ఇప్పించండి" అందుము. ఇచ్చువారు వారే. అయినను వారు స్వయముగా లేచి చేతికి ఈయనక్కరలేదు, మరియొకరిచేత ఇప్పించిన చాలును అన్నట్లు మాట్లాడుట మన పద్ధతి. పాఠశాలలో వ్రాసిన మొదటి సెలవు చీటీలోనే మనము ఈ విద్య నేర్చినాము: "మూడు దినములు సెలవు ఇప్పించవలసినదిగా ప్రార్థన."

ఇంగ్లీషు క్రియకు ఈ సౌకర్యము లేదు. "గివ్" అన్నచో బిడ్డకును "గివ్", గవర్నరుకును "గివ్". పోనీ సర్వనామమైన ఆదుకొనునా అన్న, అదియు లేదు; "యు" ఒక్కటే గతి. ఒకప్పుడు వారికిని మనకు వలెనే రెండు ఉండెడివి. "దౌ" అనునది నీవు. "యు" అనునది మొదట పలువురను ఉద్దేశించిన మాట. తరువాత గౌరవము కొరకు ఒక్కరికిని వాడుకలోనికి వచ్చినది. అచ్చముగా మన "మీరు" నడచిన త్రోవయే. 17వ శతాబ్దములో క్వేకరు మతస్థులు, మనుష్యులందరు దేవుని ముందు సమానులు కనుక ఎంతవారినైనను "దౌ" అనియే పిలిచెదమని పట్టుపట్టి, పెద్దల ఆగ్రహమునకు గురియైరి. కాలక్రమమున సమానత్వము మరియొక దారిని వచ్చినది: "దౌ" వాడుకనుండి జారిపోయి, అందరును "యు"లే అయిరి. కనుక ఇంగ్లీషు "నీవు" పోయి "మీరు" మాత్రమే మిగిలిన భాష. కాని పిల్లవానికిని "మీరు", పెద్దమనిషికిని "మీరు" అనునపుడు ఆ మాటలో గౌరవము ఏమి మిగులును?

మరి ఇంగ్లీషువారు మర్యాదను ఎక్కడ దాచుకొన్నారు? "కెన్", "కుడ్", "విల్", "వుడ్", "మే", "మైట్", "షల్", "షుడ్" అను చిన్న సహాయక క్రియలలో. మన పాఠ్యపుస్తకములు వీటిని శక్తి, అనుమతి, భవిష్యత్తు, విధి అని గళ్ళుగీసి నేర్పును. ఆ గళ్ళు అబద్ధము కాదు. కాని ఒకరిని ఒకటి అడుగునపుడు ఈ క్రియలు చేయు పని వేరు. మన "అండి", "మీరు", "తమరు", "ఇప్పించు" అన్నియు కలిసి చేయు పనిని అవి మోయుచున్నవి. ఇది తెలియనందువలన జరుగు నష్టము చిన్నది కాదు. ఇంటివద్ద ఎంతో వినయముగా మెలగు యువకుడు ఇంగ్లీషులో నోరు విప్పునప్పటికి అధికారము చెలాయించువానివలె వినబడును. తాను అట్లు వినబడుచున్నానని అతనికి తెలియదు. అతడు అట్టివాడు కాడని ఎదుటివారికి తెలియదు. నేడు హైదరాబాదులోను, విశాఖపట్టణములోను కూర్చుండి ఇంగ్లండుతోను, అమెరికాతోను దినమెల్ల మాట్లాడు ఉద్యోగులు వేలమంది కలరు. పై చదువులకు పోవువారు, ఆసుపత్రులలో నర్సులుగా పోవువారు కలరు. వీరిని గూర్చి ఎదుటివారు ఏర్పరచుకొను మొదటి అభిప్రాయము, అనేక పర్యాయములు, ఇట్టి ఒక చిన్న క్రియ మీద ఆధారపడును.

"ప్లీజ్" ఉన్నది కదా అని శ్రోతలు అడుగవచ్చును. మనలో చాలమంది "ప్లీజ్" అనగా "అండి" అనుకొని, "కలము ఇవ్వండి" అనుటకు "ప్లీజ్ గివ్ మి ద పెన్" అందురు. "మీకు ఇష్టమైనచో" అను పెద్ద మాట అరిగి అరిగి ఈ ఒక్క ముక్కగా మిగిలినది. ఇది ఆజ్ఞకు తేనె పూయును కాని, ఆజ్ఞను ఆజ్ఞ కాకుండ చేయజాలదు. తోటలలో "ప్లీజ్ కీప్ ఆఫ్ ద గ్రాస్" అని పలక కట్టియుండును. గడ్డి త్రొక్కకుండుట మన ఇష్టమునకు విడిచినారని ఆ పలకకు అర్థము కాదు. దారి మళ్ళించు పోలీసువాడును "ప్లీజ్" అనును. కాదనుటకు వీలులేనిచోట వాడు మాటను, కాదనుటకు హక్కు ఉన్నవారివద్ద ఒంటరిగా వాడినచో వారికి ఒళ్ళు మండుట వింత కాదు. "కుడ్ యు" పక్కన చేరినపుడు "ప్లీజ్" ఎంతో అందముగా ఉండును. అది తోడు పెండ్లికొడుకు. దానినే పెండ్లిపీటమీద కూర్చుండబెట్టరాదు.

ఈ చిన్న క్రియల పుట్టుక చూచినచో అవి మనకు అంత పరాయివిగా తోచవు. "కెన్" అను క్రియకు ప్రాచీనమైన ఇంగ్లీషులో "తెలియు" అని అర్థము. తెలిసినవాడు చేయగలడు కనుక తెలివి శక్తిగా మారినది. "నాకు ఈత వచ్చును" అనునపుడు మన "వచ్చు" చేయు పని ఇదియే. ఆ "వచ్చు"నే "పోవచ్చును", "కూర్చుండవచ్చును" అని అనుమతికిని వాడుకొనుచున్నాము. "విల్" అనగా కోరుట, "షల్" అనగా ఋణపడియుండుట, "మే" అనగా బలము కలిగియుండుట. మన "వలయు" కూడ మొదట కోరికయే. "వలెను" అయిన పిదప విధిగా బిగిసినది. "కుడ్", "వుడ్", "షుడ్", "మైట్" అనునవి ఈ నాలుగింటి భూతకాల రూపములు. "కుడ్" వ్రాతలో కనబడు "ఎల్" అక్షరమునకు అక్కడ పుట్టుహక్కు లేదు. "వుడ్", "షుడ్" లలో అది ఉండుట చూచి, వాటి సరసన నిలుచున్నందులకు దీనికిని 15, 16వ శతాబ్దములలో తగిలించినారు. ఆ అక్షరమును మరచినందుకు మన పిల్లలు తిన్న దెబ్బలు న్యాయమైనవి కావని మా అభిప్రాయము.

ఇక అడుగుట. భోజనపు బల్లవద్ద "కెన్ యు పాస్ ద సాల్ట్?" అన్నప్పుడు, "ఆహా, అందించగలను" అని బదులు చెప్పి కదలక కూర్చున్నవాడు నవ్వులపాలగును. మాట శక్తిని గూర్చిన ప్రశ్న, పని అభ్యర్థన. 1975లో జాన్ సెర్ల్ అను అమెరికను తత్త్వవేత్త ఇట్టి వాక్యములను గూర్చి ప్రసిద్ధమైన వ్యాసమొకటి వ్రాసినాడు. ఆ ఉప్పుగిన్నె నాటినుండి భాషాశాస్త్రజ్ఞుల బల్లమీదనే ఉన్నది. ఉప్పు కావలసినవాడు ఉప్పు అడుగక, ఎదుటివాని చేతిసత్తువను గూర్చి ఏల అడుగవలెను?

దీనికి జవాబు మన వీధిలోనే దొరకును. నెలాఖరున ఒకరిని చేబదులు అడుగునపుడు మనము "ఒక అయిదు వేలు సర్దగలరా?" అందుము, "సర్దుటకు మీకు ఇష్టమేనా?" అని అడుగము. ఇష్టమును అడిగినచో, కాదనదలచినవాడు "ఇష్టము లేదు" అని ముఖముమీద చెప్పవలసివచ్చును. శక్తిని అడిగినచో, "ఈ నెల వీలు కాదండీ" అని గౌరవముగా తప్పుకొనును. అతని మంచితనము చెడదు, అడిగినవాని ముఖము చిన్నబోదు, మరునాడు ఇద్దరును కలిసి కాఫీ త్రాగవచ్చును. ఎదుటివానికి కాదనుటకు ఒక తలుపు తెరచియుంచుట, ఆ తలుపు వాని పరువునకు తగిన ఎత్తులో ఉండునట్లు చూచుట: ఇంగ్లీషు అభ్యర్థనలోని మర్యాద ఇదియే. మన "అండి" ఎదుటివాని హోదాను గుర్తించును. వారి "కెన్ యు" ఎదుటివాని స్వేచ్ఛను గుర్తించును. రెండును గౌరవమే, కాని దారులు వేరు. "అండి"ని ఎంత జాగ్రత్తగా "ప్లీజ్"లోనికి దించినను ఇంగ్లీషువాని చెవికి ఆ తలుపు కనబడకపోవుటకు కారణమిది.

"కెన్ యు" కంటె "కుడ్ యు" మెత్తన. "కుడ్" భూతకాలము కదా, రేపటి పనికి నిన్నటి క్రియ ఏమిటని చదువుకొన్నవారే తికమకపడుదురు. ఇచ్చట భూతకాలము కాలము కాదు, దూరము. దీనిని కూడ మనము ఎరుగుదుము. పొరుగింటివారు గుమ్మములో నిలిచి, "మిమ్మల్ని ఒక సాయం అడుగుదామనుకున్నానండీ" అందురు. వారు ఇంకను అడుగనేలేదు. అడుగుట ఇప్పుడే జరుగుచున్నది. అయినను "అనుకున్నాను" అనుటలో, ఆ తలంపు ఎప్పటిదో, మీకు కుదరనిచో ఇప్పుడే విడిచిపెట్టెదను అను ధ్వని ఉన్నది. ఇంగ్లీషువారి "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్" అను మాట అక్షరాల ఇదియే. అడుగువాడు ఒక అడుగు వెనుకకు వేసి నిలుచుండి అడుగుచున్నాడు. "కెన్" అన్నచో ఎదుటికి వచ్చి నిలిచినట్లు, "కుడ్" అన్నచో గుమ్మము ఆవల నిలిచినట్లు.

"విల్ యు", "వుడ్ యు" లకును ఇదే భేదము. కాని "విల్ యు" విషయములో తెలుగువారు కొంత మెలకువగా ఉండవలెను. మనకు "ఇస్తారా?", "కాస్త చూస్తారా?" అనునవి ఎంతో మృదువైన మాటలు. వాటిని ఉన్నవున్నట్లు మార్చినచో "విల్ యు గివ్?", "విల్ యు సీ?" అగును. "విల్" ఎదుటివాని సంకల్పమును నేరుగా పట్టుకొని అడుగు క్రియ. ఆప్తుల నడుమ అది చక్కగానే ఉండును. పెండ్లికి ఒప్పుకొందువా అని అడుగునపుడు "విల్ యు" అనియే అనవలెను. అక్కడ "కెన్ యు" అన్నచో సంబంధము అంతటితో తప్పిపోవును. కాని ముఖపరిచయము లేనివారివద్ద "విల్ యు" కొంత బిరుసుగా వినబడును. కొంచెము స్వరము దించి "విల్ యు సిట్ డౌన్!" అన్నచో అది అభ్యర్థనయే కాదు, మన "కూర్చుంటావా లేదా?" అను గద్దింపు. "వుడ్ యు" వద్ద ఆ భయము చాలవరకు లేదు. "వుడ్ యు" అనుటలో, నీకు చేయుటకు వీలున్నదని నాకు తెలియును, మనసు ఉన్నదా అని మాత్రము అడుగుచున్నాను అను భావము కలదు. కనుక అతిథిని లోనికి రమ్మనునపుడు, దుకాణములో పొట్లము కట్టుమనునపుడు అది అతుకును. ఒకని సమయమును, శ్రమను కోరునపుడు, సందేహము కలిగినచో "కుడ్ యు" అనుట మేలు.

"మే" అను క్రియ మన బడులకు ముద్దుబిడ్డ. "మే ఐ కమిన్ సర్?" అని తలుపువద్ద నిలిచి అడుగని తెలుగు విద్యార్థి అరుదు. ఆ వాక్యము నిర్దుష్టమైనది. తన పనికి ఎదుటివారి అనుమతి కోరునపుడు "మే ఐ" కంటె మర్యాదైనది, మరీ లాంఛనమైన "మైట్ ఐ" తప్ప, వేరొకటి లేదు. టెలిఫోనులో "ఎవరండీ మాట్లాడేది?" అనుటకు "హూ ఆర్ యు?" అనరాదు, "మే ఐ నో హూ ఈజ్ స్పీకింగ్?" అన్నచో వినువారు నొచ్చుకొనరు. అనుమతికి "కెన్ ఐ" అనుట తప్పని పూర్వపు పంతుళ్ళు దండించెడివారు. నేడు ఇంగ్లండులోను, అమెరికాలోను ఇంటింట "కెన్ ఐ" వినబడును. దానిని ఇంకను తప్పుగా దిద్దువారు శ్రమ వృథాచేయుచున్నారు.

"మే" పక్కన "ఐ" కాక "యు" చేరినపుడే చిక్కు. "మే యు" అని మొదలుపెట్టినచో అది అభ్యర్థన కాదు, ఆశీర్వచనము; నూరేండ్లు వర్ధిల్లుమని దీవించుటకు పనికివచ్చును. "యు మే" అన్నచో అది అనుమతి. పెద్దవాడు చిన్నవానికి ఇచ్చునది. మన కార్యాలయములలో గుమాస్తా పై అధికారికి పంపు కాగితములో "యు మే కైండ్లీ అప్రూవ్" అని వ్రాయుట కద్దు. ఆయన ఆమోదించుటకు గుమాస్తా అనుమతి దయచేసినట్లున్నది! ఈ దేశపు కచేరీలలో ఆ మాట తరతరములుగా నడచినది, వ్రాసినవానికిని చదివినవానికిని భావము తెలియును, కనుక ఇంటిలో దానిని తప్పు పట్టనక్కరలేదు. అది సముద్రము దాటినప్పుడే చెడును.

ఇట్టిదే మరియొకటి, ఇది మన భాషనుండియే పుట్టినది. తెలుగు ప్రకటనలలో "ప్రయాణికులు గమనించగలరు" అందుము. శుభలేఖలలో "విచ్చేయగలరని ప్రార్థన" అందుము. "గలరు" అనునది శక్తిని చెప్పు మాట. మనము దానిని గౌరవముతో కూడిన కోరికగా పెంచుకొన్నాము. ప్రశ్నార్థకము కూడ అక్కరలేకయే అది విన్నపమైనది. ఇది మన భాష చేసిన సొగసైన పని. కాని ఆ వాక్యమునే ఎత్తికొని "యు కెన్ కమ్ టు ద మీటింగ్" అని వ్రాసినచో, ఇంగ్లీషు చదువరికి అది ఆహ్వానముగా కాక, "కావలెనన్న రావచ్చును, మాకు అభ్యంతరము లేదు" అన్నట్లు తగులును. ప్రశ్నగా మార్చి "కుడ్ యు కమ్?" అన్నప్పుడు గాని ఆ "గలరు"లోని వినయము అటు చేరదు.

"గలరు" కంటె ప్రమాదమైనది "వలసినది". ఒక విద్యార్థి విదేశపు విశ్వవిద్యాలయములోని ఆచార్యుని యోగ్యతాపత్రము కోరుచున్నాడనుకొందము. అతని మనసులో ఉన్న తెలుగు వాక్యము "శుక్రవారములోగా పంపవలసినదిగా కోరుచున్నాను" అనునది. ఇందు తప్పు ఏమియు లేదు, మనవారు గవర్నరుకైనను అట్లే వ్రాయుదురు. అతడు దానిని "యు షుడ్ సెండ్ ఇట్ బిఫోర్ ఫ్రైడే" అని మార్చును. "షుడ్" ఋణమునుండి పుట్టిన క్రియ అని ఇందాక చెప్పికొన్నాము; "యు షుడ్" అన్నచో "అది నీ విధి, చేయకున్న తప్పు నీది" అని అర్థము. వినయమున మూడు మెట్లు దిగితిననుకొన్నవాడు పెత్తనమున మూడు మెట్లు ఎక్కి కూర్చున్నాడు. ఆచార్యుడు సహృదయుడైనచో నవ్వుకొని పత్రము పంపును. కానిచో ఆ అబ్బాయి తన చదువులో ఏమి లోపమో అని ఏండ్లకొలది ఆలోచించుకొనవచ్చును. వింత ఏమన, ఆ "షుడ్"నే ఎదుటివానినుండి తీసి తనమీద వేసికొన్నచో అది మహామర్యాద అగును: "ఐ షుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ సెండ్ ఇట్ బై ఫ్రైడే." ఇది పాత బ్రిటిషు ఫక్కి. నేడు చాలమంది "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్" అందురు, రెండును మేలైనవే. ఋణము ఎవరి తలమీద మోపితిమి అనునదే ముఖ్యము.

అట్లని ప్రతి చిన్నదానికిని ఇంత దూరము వెనుకకు నడువనక్కరలేదు. పెనెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అను ఇద్దరు పండితులు మర్యాదను గూర్చి 1978లో ఒక పెద్ద వ్యాసము ప్రకటించినారు. 1987లో అది గ్రంథముగా వెలువడినది. వారు ముఖ్యముగా పరిశీలించిన మూడు భాషలలో ఇంగ్లీషు ఒకటి, మెక్సికోలోని త్సెల్తాల్ ఒకటి, మన పొరుగు భాషయైన తమిళము ఒకటి. కోయంబత్తూరు ప్రాంతపు పల్లెలో విన్న తమిళము ఈ సిద్ధాంతమునకు ఒక పునాదిరాయి అగుట మనకు సంతోషకరము. అడుగునది ఎంత బరువైనది, అడుగబడువాడు ఎంత దూరపువాడు, ఎంత పైవాడు అను మూడింటిని కూడి మర్యాద పరిమాణము నిర్ణయమగునని వారన్నారు. పక్కనున్న మిత్రుని ఒక్క నిమిషము కలము అడుగుటకు "కెన్ ఐ బారో యువర్ పెన్?" చాలును. వానితోనే "నీవు దయతో కలము ఈయగలుగుదువేమో అని ఆలోచించుచుంటిని" అను ధోరణిలో నాలుగు క్రియలు పేర్చినచో వాడు నొచ్చుకొనును. మనవాడొకడు బల్లమీద కాళ్ళు చాచి కూర్చున్నప్పుడు "మహాప్రభో, తమరు కొంచెం జరుగుతారా?" అనుట మర్యాద కాదు కదా.

ఎదుటివాని మేలు కొరకు చెప్పునపుడు ఈ క్రియల అవసరమే లేదు. విస్తరివద్ద "ఇంకొంచెం వేసుకోండి" అనుట ఎట్లు ఆప్యాయమో, ఇంగ్లీషులో "హావ్ సమ్ మోర్" అనుటయు అంతే ఆప్యాయము. అది వ్యాకరణమున ఆజ్ఞ. కాని లాభము తినువానిది కనుక ఆజ్ఞ కుట్టదు. అక్కడ "కుడ్ యు హావ్ సమ్ మోర్?" అన్నచో, మిగిలిన వంట పారబోయలేక నన్ను బతిమాలుచున్నారా అని అతిథి అనుమానపడును.

మేము ఆకాశవాణిలో మాటను కంటికంటె చెవికే ఎక్కువగా అప్పగించువారము కనుక, స్వరమును గూర్చి చెప్పక విడువజాలము. జాన్ గంపర్జ్ అను భాషాశాస్త్రజ్ఞుడు బ్రిటనులోని ఒక పెద్ద విమానాశ్రయపు ఉద్యోగుల భోజనశాలలో జరిగినదానిని 1982 నాటి తన గ్రంథములో వివరించినాడు. అక్కడ క్రొత్తగా చేరిన భారత, పాకిస్తాను స్త్రీలు వడ్డన చేసెడివారు. వారు దురుసుగా ఉన్నారని అక్కడివారికి ఫిర్యాదు. తమను చులకన చేయుచున్నారని వారికి బాధ. మాటలు అచ్చువేయించి పరిశీలింపగా తేలినది ఇంతే: మాంసముమీద పోయు పులుసు కావలెనా అని అడుగవలసినచోట ఆంగ్లస్త్రీలు "గ్రేవీ?" అని స్వరము ఎత్తెడివారు, మనవారు "గ్రేవీ" అని స్వరము దించెడివారు. ఎత్తినచో "మీకు కావలెనా?" అని ప్రశ్న, దించినచో "ఇది పులుసు, తీసికొనిన తీసికొనుము, లేకున్న పొమ్ము" అని చెవికి తోచినది. మన చెవికి ఆ దించుట సహజమైన ప్రశ్నయే. ఆ ముద్రణలను వారికి వినిపించి చర్చించిన పిమ్మట ఇరుపక్షములకును సంగతి అర్థమైనది. 1979లో బి.బి.సి. ఈ విషయముమీద "క్రాస్‌టాక్" అను కార్యక్రమమును ప్రసారము చేసినది. "కుడ్ యు" అను మాటకును ఇదియే వర్తించును. దానిని చివర దించి పలికినచో "కుడ్" ఉండియు లేనట్లే.

మర్యాదను విడువవలసిన సమయము కూడ కలదు. 1990 జనవరి 25వ తేదీన కొలంబియా దేశపు అవియాంకా సంస్థ విమానమొకటి న్యూయార్కు సమీపమున ఇంధనము నిండుకొని కూలిపోయి, అందలి 158 మందిలో 73 మంది మరణించిరి. గంటకు పైగా ఆకాశములో తిప్పబడుచు, విమానచాలకులు ఇంధనము తగ్గినదని చెప్పిరి, అయిపోవుచున్నదని చెప్పిరి, కాని అత్యవసరము అను ఒక్క మాట మాత్రము అనలేదు. నేలమీద ఉన్నవారికి అది అనేక విన్నపములలో ఒక విన్నపముగా తోచినది. నిప్పు అంటుకొన్నచోట, బండి మీదికి వచ్చుచున్నచోట, ప్రాణము పోవుచున్నచోట తలుపు తెరచియుంచుట మర్యాద కాదు. అచ్చట ఇంగ్లీషులోను తెలుగులోను ఒకటే వ్యాకరణము: ఉన్నమాటను గట్టిగా చెప్పవలెను.

చివరకు జవాబులను గూర్చి రెండు మాటలు. అడుగుట నేర్చినవారు కూడ ఇచ్చట తడబడుదురు. "వుడ్ యు మైండ్ ఓపెనింగ్ ద విండో?" అని ఒకరు అడిగినచో, కిటికీ తెరచుటకు సిద్ధపడిన మనవాడు ఉత్సాహముగా "యెస్" అనును. "మైండ్" అనగా ఇక్కడ అభ్యంతరపడుట. "యెస్" అన్నచో "ఆ, నాకు అభ్యంతరమే" అని అర్థము. అని, వెంటనే లేచి కిటికీ తెరచును! అడిగినవాడు అయోమయమున పడును. తెలుగులో "కిటికీ తెరిస్తే మీకు అభ్యంతరమా?" అన్నప్పుడు మనము "అబ్బే, ఏమీ లేదండీ" అందుము. ఆ "అబ్బే"ను జ్ఞాపకముంచుకొన్నచో "నాట్ ఎట్ ఆల్" తనంత తానే నోటికి వచ్చును.

రెండవది, అడుగునపుడు వెనుకకు వేసిన అడుగు జవాబునకు అక్కరలేదు. "కుడ్ ఐ యూజ్ యువర్ ఫోన్?" అన్నవారికి "యెస్, యు కుడ్" అన్నచో, ఆ మాట "వాడుకొనవచ్చును, కాని..." అని ఏదో షరతు రాబోవుచున్నట్లు వ్రేలాడును. అడుగువాడు గుమ్మము ఆవల నిలిచి అడిగెను; ఇచ్చువాడు తలుపు పూర్తిగా తెరువవలెను. "యెస్, యు కెన్" అనుట సరియైనది. "ఆఫ్ కోర్స్" అనుట ఇంకను మేలు. "యెస్, యు మే" అనుట వ్యాకరణమునకు తప్పు కాదు గాని, బడిపంతులు పిల్లవానికి సెలవిచ్చినట్లుండును. ఆ మూడింటిలో ఏది అన్నను, అనుచు ఫోను చేతికి అందించినచో అడిగినవాడు వ్యాకరణమును పట్టించుకొనడు.